అంకెలకు రూపం వచ్చిన కథ

ఉన్నత పాఠశాలలో సామాన్య లోలకం ప్రయోగం చేసే విద్యార్థి దారం పొడవును ఒక వరుసలోను, డోలన కాలాన్ని వేరొక వరుసలోను వ్రాసుకుంటాడు. పది పన్నెండు జతల అంకెలు. వాటిని ఎంతసేపు పరికించినా రెంటికీ గల సంబంధం పైకి తేలదు. అవే అంకెలను గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి, డోలన కాలానికి బదులు దాని వర్గాన్ని తీసుకుంటే, చుక్కలన్నీ ఒక సరళరేఖ మీదికి వచ్చి నిలుస్తవి. ఏదైనా ఒక చుక్క గీతకు దూరంగా పడితే, ఆ కొలతలో ఏదో పొరపాటు జరిగినదని ఉపాధ్యాయుడు ఒక్క చూపులో పసికట్టగలడు. నేడు ఈ పని కాగితం మీద కంటె కంప్యూటర్ తెర మీద ఎక్కువగా జరుగుతున్నది. మెదడు లోపలి కణితిని గాని, తుపాను కడుపులోని గాలిని గాని, విమానపు రెక్క మీది పీడనాన్ని గాని త్రిప్పి త్రిప్పి చూపే సాఫ్ట్‌వేరులు ఉచితంగా దొరుకుతున్నవి. అయితే వాటి బటన్లు నొక్కటం నేర్చుకొనే ముందు, వాటి వెనుక ఉన్న ఉపాయాలు ఎవరికి, ఏ అవసరం కొద్దీ తోచినవో తెలుసుకొనటం మంచిది. వాటిలో చాలా ఉపాయాలు కంప్యూటర్ కంటె ఎంతో ముందువి.

తోకచుక్క పేరుతో అందరికీ పరిచితుడైన ఎడ్మండ్ హేలీ (1656–1742) 1686లో వ్యాపార పవనాల పటాన్ని ఒకదానిని ప్రకటించాడు. ఉష్ణమండల సముద్రాల మీద ఏ చోట గాలి ఏ దిక్కు నుండి వస్తుందో సన్నని చిన్న గీతలతో అందులో చూపాడు. గీత యొక్క మొనదేలిన కొస గాలి వచ్చే దిక్కును తెలుపుతుంది. మన అరేబియా సముద్రం, బంగాళాఖాతం దగ్గరకు వచ్చేసరికి అతనికి చిక్కు వచ్చినది. ఇక్కడ గాలి సంవత్సరంలో కొన్ని నెలలు ఒక దిక్కుకు, మిగిలిన నెలలు ఎదురు దిక్కుకు వీస్తుంది. అందుచేత ఋతుపవనాల ప్రాంతంలో గీతల వరుసలను ఒకటి విడిచి ఒకటి ఎదురెదురుగా గీచాడు. నేటి వాతావరణ సాఫ్ట్‌వేరులు గాలిని చూపటానికి తెర నిండా చల్లే బాణపు గుర్తులకు ఈ గీతలే పూర్వీకులు.

అతని రెండవ ఉపాయం ఇంకను గొప్పది. దిక్సూచి ముల్లు సరిగా ఉత్తర ధ్రువాన్నే చూపదు. కొంత ప్రక్కకు తొలగి ఉంటుంది. ఆ తొలగుదలనే దిక్పాతం అంటాము. అది ఒక్కొక్క చోట ఒక్కొక్క విలువ కలిగి ఉంటుంది గనుక నడి సముద్రంలో నావికుడు దారి తప్పే ప్రమాదం కలదు. హేలీ 1698–1700 మధ్య పారమోర్ అనే చిన్న ఓడ మీద అట్లాంటిక్ సముద్రంలో రెండుసార్లు యాత్ర చేసి, చోటు చోటునా దిక్పాతాన్ని కొలిచాడు. ఆ కొలతలను పటం మీద అంకెలుగా వ్రాసి ఊరుకొని ఉంటే అది నావికుల పట్టికలలో మరొక పట్టిక అయి ఉండేది. అతడు ప్రశ్నను త్రిప్పివేశాడు. "ఈ చోట దిక్పాతం ఎంత?" అని గాక, "దిక్పాతం ఇంత ఉన్న చోట్లన్నీ ఏవి?" అని అడిగి, సమాన విలువ గల స్థానాలను వంపు గీతలతో కలిపాడు. ఈ పటం 1701లో అచ్చయినది. ఆ మరుసటి సంవత్సరం ఇతరుల కొలతలను కూడ చేర్చి ప్రపంచ పటం తయారు చేసినప్పుడు, పసిఫిక్ సముద్రం మీద మాత్రం గీతలు గీయలేదు. అక్కడి కొలతలు అతని వద్ద లేవు. అటూ ఇటూ ఉన్న గీతలను ఊహకొద్దీ పొడిగించి ఆ నీలి మైదానాన్ని అలంకరించటం చేయి తిరిగిన పటకారునికి కష్టమైన పని కాదు. హేలీ ఆ పని చేయలేదు. ఈ ఖాళీని పాఠకులు గుర్తుంచుకోవలె. దీనితో మళ్ళీ పని పడుతుంది.

సమాన విలువలను కలిపే ఈ గీత క్రమంగా శాస్త్రజ్ఞుల సొత్తు అయినది. 1817లో అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ సగటు ఉష్ణోగ్రత సమానంగా గల స్థలాలను కలిపి సమోష్ణ రేఖలు గీచాడు. అవి అక్షాంశాలకు సమాంతరంగా పోక, ఖండాల మీద ఒక విధంగా, సముద్రాల దగ్గర మరొక విధంగా వంగినవి. ఆ వంపులో వాతావరణ శాస్త్రపు ప్రశ్నలన్నీ ఇమిడి ఉన్నవి. 1875 ఏప్రిల్ 1వ తేదీన ఫ్రాన్సిస్ గాల్టన్ తయారు చేసిన వాతావరణ పటం లండన్ 'టైమ్స్' దినపత్రికలో వెలువడినది.

బడిపిల్లలకు సుపరిచితమైన కమ్మీల రేఖాచిత్రం పుట్టుక ఒక వినోదమైన సంగతి. 1786లో విలియం ప్లేఫేర్ దేశాల ఎగుమతి దిగుమతులను కాలక్రమాన గీతలతో చూపే పుస్తకం ప్రకటించాడు. స్కాట్లండ్ విషయంలో మాత్రం అతనికి ఒక్క ఏటి లెక్కలే దొరికినవి. ఒక్క ఏటికి గీత ఎట్లా సాగుతుంది? గత్యంతరం లేక దేశానికి ఒక జత చొప్పున కమ్మీలు గీచాడు. అది తన మిగతా పటాల కంటె తక్కువదని అతడే భావించాడు. లేమి నుండి పుట్టిన ఆ బొమ్మయే ఈనాడు అన్నిటికంటె ఎక్కువగా కనబడుతున్నది. దీనికి పదేళ్ళ తర్వాత, 1796లో, జేమ్స్ వాట్ సహాయకుడైన జాన్ సదర్న్ ఆవిరి యంత్రానికి ఒక కదిలే పలకను, పెన్సిలును అమర్చాడు. సిలిండరులోని పీడనం, పిస్టన్ స్థానం కలిసి యంత్రం చేతనే తన చిత్రాన్ని తాను గీయించినవి. ఆ చిత్రం చుట్టిన వైశాల్యం ఒక ఆవృత్తంలో యంత్రం చేసిన పని. వాట్ కంపెనీ దీనిని చాలా ఏండ్లు వ్యాపార రహస్యంగా దాచినది.

కాగితానికి రెండే దిక్కులు, పొడవు, వెడల్పు. మూడు రాశులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నప్పుడు ఏమి చేయవలె? 1873లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో విలర్డ్ గిబ్స్ ఒక పదార్థం యొక్క ఘనపరిమాణం, ఎంట్రోపీ, శక్తి అనే మూడింటిని మూడు అక్షాలుగా తీసుకొంటే, దాని ఉష్ణగతిక స్వభావమంతా ఒక వంపు తలంగా రూపొందుతుందని నిరూపించాడు. వ్యాసం కఠినమైనది; చదివినవారు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఒకడు. విద్యుదయస్కాంత సమీకరణాలను కనిపెట్టిన ఆ మహా గణితజ్ఞుడు ఈ తలాన్ని అర్థం చేసుకొనటానికి మట్టి ముద్ద చేతపట్టాడు. 1874లో నీటి వంటి ఒక ఊహా పదార్థానికి ఆ తలాన్ని మట్టితో మలచి, దాని నుండి ప్లాస్టరు పోతలు తీశాడు. ఘన, ద్రవ, వాయు స్థితులు ఆ తలం మీద వేర్వేరు మెట్టలుగా, పల్లాలుగా కనబడుతవి.

తర్వాత దాని మీద సమాన ఉష్ణోగ్రత, సమాన పీడనం గల గీతలు గీయవలసి వచ్చినది. ఈ తలంలో ఉష్ణోగ్రత, పీడనం అనేవి వాలు మీద ఆధారపడిన రాశులు. మాక్స్‌వెల్ నమూనాను ఎండలో పెట్టి, సూర్యకిరణాలు తలాన్ని ఒరుసుకొని పోయే చోట్లను, అనగా వెలుగుకు నీడకు సరిహద్దును, పెన్సిలుతో గుర్తించాడు. ఒక దిక్కున ఒకే వాలు ఉన్న బిందువులన్నీ ఆ సరిహద్దు మీదనే ఉంటవి గనుక గీత దానంతట అదే తేలినది. నమూనాను వంచి పెడితే మరొక గీత. త్రిమితీయ చిత్రణలో వెలుగు నీడలను లెక్క కట్టే పనిని నేడు కంప్యూటర్ సెకనుకు కొన్ని కోట్లసార్లు చేస్తున్నది. మాక్స్‌వెల్‌కు సూర్యుడు ఉచితంగా చేసిపెట్టాడు. ఆ పోతలలో ఒకటి గిబ్స్‌కు చేరినది. అది నేటికీ యేల్‌లో ఉన్నది. మరొకటి కేంబ్రిడ్జిలో కేవెండిష్ ప్రయోగశాలలో ఉన్నది. ఎవరు పంపారని విద్యార్థి అడిగితే గిబ్స్ "ఇంగ్లండులోని ఒక మిత్రుడు" అని మాత్రమే అన్నాడని చెబుతారు.

తలాన్ని మట్టితో చేయవచ్చును. కాని ఒక గదిలోని గాలి వలె లోపల అంతటా వ్యాపించి, చోటు చోటుకు విలువ మారే రాశిని చూపటం ఎట్లు? డొరొథీ హాడ్జ్‌కిన్ 1945లో పెనిసిలిన్ అణు నిర్మాణాన్ని సాధించినప్పుడు ఆమెకు ఎదురైనది ఈ చిక్కే. ఎక్స్ కిరణాల ఫోటోల నుండి దీర్ఘమైన గణన చేస్తే స్ఫటికంలో ఎక్కడెక్కడ ఎలక్ట్రాన్‌లు దట్టంగా ఉన్నవో అంకెలుగా వస్తుంది. ఆ అంకెలను పొర పొరగా విడదీసి, ఒక్కొక్క పొరకు హేలీ పద్ధతిలోనే సమాన సాంద్రతా రేఖలు పారదర్శకమైన పెర్స్పెక్స్ పలక మీద గీచి, పలకలను ఒకదానిపై ఒకటి పేర్చారు. పై నుండి చూస్తే వలయాలు గుంపులు గుంపులుగా లోతులో కనబడినవి. వలయాల గుంపు ఉన్నచోట పరమాణువు ఉన్నదన్నమాట. ఎక్స్ కిరణాలతో జీవరసాయన పదార్థాల నిర్మాణాన్ని కనుగొన్నందుకు 1964లో ఆమెకు నోబెల్ బహుమానం వచ్చినది.

ఇంతవరకు అంకెలు మనిషి చేతికి అందేటన్ని ఉండేవి. ఎలక్ట్రానిక్ గణన యంత్రాలు వచ్చిన తర్వాత కథ మారినది. 1959లో కాల్‌కాంప్ అనే అమెరికన్ కంపెనీ కంప్యూటర్ ఆజ్ఞలతో కలం నడిపి గీతలు గీచే యంత్రాన్ని అమ్మకానికి పెట్టినది. కాని సూపర్ కంప్యూటర్లు, ఉపగ్రహాలు, వైద్య స్కానర్లు క్రుమ్మరించే అంకెల వరద ముందు ఒక కలం ఏపాటిది? 1987లో మెక్‌కార్మిక్, డిఫాంటి, బ్రౌన్ అనే ముగ్గురి సంపాదకత్వాన అమెరికా జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానానికి ఒక నివేదిక అందినది. దత్తాంశాలు చూచేవారు లేక గిడ్డంగులలో పేరుకొని పోతున్నవని, చూపును ఒక శాస్త్రంగా పెంపొందించాలని దాని సారాంశం. విజ్ఞాన దత్తాంశ చిత్రణ ప్రత్యేక శాస్త్రశాఖగా నిలద్రొక్కుకొనటం అప్పటి నుండియే.

అదే 1987లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసే విలియం లారెన్సెన్, హార్వే క్లైన్ అనే ఇద్దరు, హాడ్జ్‌కిన్ పలకలలో వలయాలుగా మాత్రమే కనబడిన రూపానికి చర్మం తొడిగే పద్ధతిని ప్రకటించారు. దాని పేరు 'మార్చింగ్ క్యూబ్స్', అనగా కవాతు చేసే ఘనాలు. సి.టి. స్కాన్ తల లోపలి ప్రదేశాన్ని పొరలుగా కొలుస్తుంది. ప్రక్క ప్రక్కనున్న రెండు పొరలలో నాలుగేసి బిందువులు తీసుకొంటే ఎనిమిది మూలల చిన్న ఘనం ఏర్పడుతుంది. ఎముకకు తగిన విలువ ఒకటి ఎన్నుకొంటే, ప్రతి మూల ఆ విలువకు పైన గాని క్రింద గాని ఉంటుంది. ఎనిమిది మూలలు, మూలకు రెండు అవకాశాలు. మొత్తం 256 రకాల ఘనాలు. త్రిప్పితే ఒకటిగా అయ్యేవాటిని, పై క్రిందులు తారుమారైనవాటిని కలిపివేస్తే మిగిలేవి 15 రకాలే. ఏ రకానికి తలం ఏ అంచులను కోసుకొని పోతుందో ముందుగా పట్టిక వ్రాసి పెట్టుకొంటారు. అంచు మీద సరిగా ఎక్కడ కోయాలో త్రైరాశికం చెబుతుంది: ఒక కొన విలువ 100, రెండవ కొన విలువ 200, కావలసినది 125 అయితే, మొదటి కొన నుండి నాలుగవ వంతు దూరాన. ఇట్లు ఒక్కొక్క ఘనాన్నే పరీక్షిస్తూ కంప్యూటర్ వరుసగా సాగిపోతే, వేలాది చిన్న త్రిభుజాలు కూడి పుర్రె రూపం తెర మీద నిలుస్తుంది.

ఈ పద్ధతిలో ఒక లొసుగు ఉన్నట్లు మరుసటి ఏడే మార్టిన్ డ్యూర్స్ట్ చూపాడు. ఘనం యొక్క ఒక ముఖంలో ఎదురెదురు మూలలు రెండు పైన, మిగిలిన రెండు క్రింద ఉంటే, ఆ ముఖం మీద గీత రెండు విధాల గీయవచ్చును. ప్రక్క ప్రక్క ఘనాలు చెరొక విధం ఎన్నుకొంటే తలంలో చిల్లు పడుతుంది. అది పుర్రెలోని చిల్లా, లెక్కలోని చిల్లా? వైద్యునికి ఈ ప్రశ్న చిన్నది కాదు. పట్టికను సవరించి ఈ లోపాన్ని తర్వాత సరిచేశారు.

సామాన్య విద్యార్థికి అందిన మొదటి పనిముట్లలో 1986 నాటి గ్నూప్లాట్ ఒకటి. థామస్ విలియమ్స్, కోలిన్ కెల్లీ అనేవారు తమ తరగతులలో చదివే అవకలన సమీకరణాలు, విద్యుదయస్కాంతత్వం కంటికి కనబడాలనే కోరికతో దానిని వ్రాశారు. ఒకరు 'లామాప్లాట్' అన్నారు, ఇంకొకరు 'ఎన్‌ప్లాట్' అన్నారు. రాజీగా గ్నూప్లాట్ అయినది. 1993 చివర లారెన్సెన్, విల్ ష్రోడర్, కెన్ మార్టిన్ కలిసి తాము వ్రాస్తున్న పాఠ్యగ్రంథానికి తోడుగా వి.టి.కె. అనే సాఫ్ట్‌వేరును ఆరంభించి, దాని మూలం అందరికీ తెరచి ఉంచారు. దాని నిర్మాణం చెరకు గానుగను జ్ఞప్తికి తెస్తుంది. ఒక చోట అంకెలు లోపలికి పోస్తారు. నడుమ ఒకదాని వెనుక ఒకటిగా అమర్చిన వడపోతలు కోయటం, ఏరటం, సమాన విలువల తలాలు తీయటం వంటి పనులు చేస్తవి. చివర అది రంగు, రూపం తొడుక్కొని తెర మీదికి వస్తుంది. ఏ వడపోతనైనా మార్చి వేరొకటి పెట్టవచ్చును. ఈ పునాది మీదనే 2000లో కిట్‌వేర్ కంపెనీ, లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాల కలిసి పారావ్యూ అనే సాఫ్ట్‌వేరు పనికి పూనుకొన్నవి. 2002లో అది లోకానికి అందినది. మద్రాసు ఐ.ఐ.టి.లో విమానశాస్త్ర పరిశోధన చేస్తున్న ప్రభు రామచంద్రన్ 2001 నాటికే అదే పునాది మీద తన పనిముట్టును నిర్మించి దానికి 'మాయావి' అని పేరు పెట్టాడు. కిష్కింధలో వాలితో పోరిన మాయావి కంటె ఈ మాయావి సాధువు. అంకెలు ఇచ్చినవారికి బొమ్మ ఇస్తాడు. మూర్ఛరోగుల మెదడు విద్యుత్ సంకేతాలను పరిశీలించే జాన్ హంటర్ 2003లో వెలువరించిన మాట్‌ప్లాట్‌లిబ్ మరొక ప్రసిద్ధ పనిముట్టు. అతడు 2012లో చిన్న వయసుననే మరణించాడు.

క్రొత్తగా ఆరంభించేవారికి పారావ్యూ లోనే ఒక సులభమైన అభ్యాసం కలదు. బయటి దత్తాంశాలు అక్కరలేదు. 'సోర్సెస్' జాబితాలో 'వేవ్‌లెట్' అన్నదానిని ఎన్నుకొంటే, ప్రతి దిక్కున 21 బిందువుల చొప్పున 9,261 బిందువులు గల ఘనం ఒకటి సిద్ధమవుతుంది. 'అప్లై' బటన్ నొక్కేదాక తెర మీద ఏమీ రాదు. మొదటిరోజు చాలామంది ఇక్కడనే తికమక పడతారు. నొక్కితే వట్టి పెట్టె అంచులు మాత్రం కనబడుతవి. ఆ పెట్టె నిండా సుమారు 37 నుండి 277 వరకు విలువలు దాగి ఉన్నవి. 'స్లైస్' అనే వడపోతతో కోస్తే హాడ్జ్‌కిన్ పలక ఒకటి బయటపడుతుంది. 'కాంటూర్' అనే వడపోత పెట్టి ఒక విలువ ఇస్తే లారెన్సెన్, క్లైన్‌ల తలం లేచి వస్తుంది. ఆ విలువను కొద్ది కొద్దిగా మార్చి చూస్తే తలం విడిపోవటం, కలిసిపోవటం, మాయం కావటం కనబడుతుంది. లోపలి అంకెలు మాత్రం ఏమీ మారలేదు.

రంగుల సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది. చాలాకాలం సాఫ్ట్‌వేరులన్నీ అంకెలకు ఇంద్రధనుస్సు రంగులే పూసినవి: తక్కువకు నీలం, ఎక్కువకు ఎరుపు, నడుమ ఆకుపచ్చ, పసుపు. చూడ ముచ్చటగా ఉంటుంది. కాని మన కన్నుకు పసుపు అన్నిటికంటె వెలుగుగా కనబడుతుంది. రెండు కొసలు మసకగా ఉంటవి. పసుపు మొదలయ్యే చోట అంకెలలో లేని అంచు ఒకటి ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. ఆకుపచ్చ విస్తారంగా పరచుకొన్న చోట నిజంగా ఉన్న మార్పు కనబడకుండా పోతుంది. మయసభలో దుర్యోధనుడు నేలను నీరనుకొని పంచె ఎగగట్టి, నీటిని నేలనుకొని జారిపడిన తీరు ఇది. 2011లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మిషెల్ బార్కిన్, ఆమె సహచరులు గుండె ధమనుల చిత్రాలను వైద్య విద్యార్థులకు చూపి, రోగం రాగల తావులను గుర్తించమన్నారు. ఇంద్రధనుస్సు రంగుల త్రిమితీయ చిత్రంలో వారు గుర్తించినవి నూటికి 39. రంగులు మాత్రం మార్చితే అవే ధమనులలో 71 గుర్తించారు. ధమనిని విప్పి చదునుగా పరచి, రంగులు కూడ మార్చితే 91. అంకెలు అవే, గుర్తించిన కండ్లు అటువంటివే.

ఈ విధమైన పరిశోధనల ఫలితంగా పాత అలవాట్లు మారినవి. 2009లో కెనెత్ మోర్లాండ్ సూచించిన నీలం నుండి ఎరుపుకు పోయే రంగుల వరుసను పారావ్యూ తన సహజ వరుసగా అనేక సంవత్సరాలు వాడినది. మాట్‌ప్లాట్‌లిబ్ 2017 జనవరిలో ఇంద్రధనుస్సును విడిచి, నథానియెల్ స్మిత్, స్టెఫాన్ వాన్ డెర్ వాల్ట్ రూపొందించిన 'విరిడిస్' వరుసను స్వీకరించినది. ముదురు ఊదా నుండి పసుపు దాకా దాని వెలుగు సమంగా హెచ్చుతుంది. నలుపు తెలుపులలో నకలు తీసినా ఎక్కువ తక్కువలు తారుమారు కావు. ఎరుపు ఆకుపచ్చల భేదం తెలియని కండ్లకు కూడ అది బోధపడుతుంది.

ఇక హేలీ పటంలోని ఖాళీ. 1985లో ఏర్పడిన అంకగణిత ప్రమాణం ప్రకారం కంప్యూటర్‌లలో 'నాన్' అనే గుర్తు ఒకటి కలదు. "ఇది సంఖ్య కాదు" అని దాని అర్థం. కొలత లేని చోట ఈ గుర్తు ఉంచితే మాట్‌ప్లాట్‌లిబ్ ఆ చోటును ఖాళీగా వదులుతుంది. పారావ్యూ దానికి వేరొక రంగు వేస్తుంది. పాఠశాల ఆవరణలో రోజూ గరిష్ఠ ఉష్ణోగ్రత వ్రాసే విద్యార్థి జూన్ 15 ఆదివారం నాడు రాలేదనుకొందాము. ఆ గడిలో సున్న వ్రాస్తే గీత 38 డిగ్రీల నుండి పాతాళానికి పడి మరునాడు మళ్ళీ పైకి లేస్తుంది. ముందు వెనుకల సగటు వ్రాస్తే ఎవరూ చూడని ఆ రోజు కూడ చూచినట్లే కనబడుతుంది. 'నాన్' వ్రాస్తే గీత 14వ తేదీ దగ్గర ఆగి, 16వ తేదీన తిరిగి మొదలవుతుంది.